ఖాళీ కాని ఊరు – లామనై

మన రోజుల్లో హైస్కూలు సాంఘికశాస్త్రం పుస్తకంలో మాయా నాగరికతకు దక్కింది ఒకే ఒక్క పేరా. మధ్య అమెరికా అడవుల్లో ఉండేవారు, రాతి పిరమిడ్లు కట్టారు, గ్రహాల లెక్కల్లో దిట్టలు, ఆ తర్వాత హఠాత్తుగా అదృశ్యమైపోయారు. అంతే. మన సోషల్ మాస్టారు ఆ పేరా ఒకడి చేత పైకి చదివించి, పుస్తకం మూయించి, "అదృశ్యమైపోయారంటే ఎక్కడికి పోయార్రా? గాల్లో కలిసిపోయారా?" అని అడిగారు. "మాయా వాళ్లు కాబట్టి మాయమయ్యారండీ" అని వెనక బెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు గానీ ప్రశ్న వెనక్కి తీసుకోలేదు.

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగితే నాకు ఆ ప్రశ్నే తోచింది. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారు. అందుకని నేను వేరే దారి పట్టాను. హ్యూస్టన్‌లో ఉంటున్న ఇన్నేళ్లలో మాయా శిథిలాలు నాలుగైదు చోట్ల చూశాను. వాటిలో మాస్టారి ప్రశ్నకు జవాబులాంటి చోటు ఒకటుంది. బెలీజ్ దేశంలోని లామనై. అక్కడ నేను, మా ఆవిడ, మా అమ్మాయి ఒక రోజు తిరిగాం. ఆ ఊరి చరిత్ర, మా తిరుగుడు రెండూ కలిపి చెబుతాను.

మెక్సికోకు దక్షిణాన, గ్వాటెమాలాకు తూర్పున, కరీబియన్ సముద్రపు ఒడ్డున ఉంది బెలీజ్. జనాభా సుమారు 4 లక్షలు. 1973 దాకా దాని పేరు బ్రిటిష్ హోండురాస్. 1981లో స్వతంత్రం వచ్చింది. చుట్టూ స్పానిష్ మాట్లాడే దేశాలున్నా ఇక్కడ ఆఫీసు భాష ఇంగ్లీషు అయింది అందుకే. ఉత్తరాన కొరొజాల్ జిల్లాలో కలకత్తా అనే ఊరు కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి తీసుకొచ్చిన మన దేశపు కూలీల సంతతి ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. ఆ కథ వేరే రాయాలి.

లామనైకి రోడ్డు దారి ఉంది. కానీ పడవ మీద పోవడమే బాగుంటుందని అందరూ చెబుతారు, నిజమే. ఆరెంజ్ వాక్ పట్టణం దగ్గర వంతెన కింద పొద్దున్నే పడవ ఎక్కాం. న్యూ రివర్ మీద ఎగువకు దాదాపు 26 మైళ్లు. పేరుకు నది గానీ మన గోదావరిలా విశాలం కాదు. ఏలూరు కాలువను అడవిలోకి మళ్లించి, మెలికలు తిప్పి వదిలేసినట్టుంటుంది. నీళ్లు పల్చటి డికాక్షన్ రంగు. పడవవాడు మలుపుల్లో కూడా వేగం తగ్గించడు. పడవ ఒక పక్కకు ఒరుగుతుంది, మా ఆవిడ ఆంజనేయ దండకం మొదలుపెడుతుంది, పడవ మళ్లీ నిలబడుతుంది. ఒకచోట నాచు తీగలు మోటారు రెక్కలకు చుట్టుకుని పడవ ఆగిపోయింది. పడవవాడు మోటారు పైకెత్తి కత్తితో తీగలు కోస్తుంటే, పది గజాల దూరంలో ఒడ్డున దుంగ అనుకున్నది కన్ను తెరిచింది. మోరెలెట్ మొసలి అట. మన మొసలికన్నా చిన్నది. అంత దగ్గరగా చూసినప్పుడు ఆ తేడా పెద్దగా ఊరటనివ్వదు.

ఆ దారిలో చూసినవన్నీ రాస్తే సంచిక చాలదు. ఒక చెట్టు మానుకు వరసగా అతుక్కుని నిద్రపోతున్న వేలెడంత గబ్బిలాలు. తామరాకుల మీద నడిచిపోయే పిట్ట ఒకటి, మన కొల్లేట్లో కనబడే జాతిదే. ఒక ఒడ్డున షిప్‌యార్డ్ అనే మెనొనైట్ల ఊరు, గుర్రపు బగ్గీలు, ఎండుగడ్డి టోపీలు పెట్టుకున్న పిల్లలు. 1958లో మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ వ్యవసాయదారులు వాళ్లు. యంత్రాలకు దూరంగా బతకాలన్నది అక్కడివాళ్ల నియమం. గంటన్నర తర్వాత నది ఒక్కసారిగా విచ్చుకుని పెద్ద సరస్సు అయింది. పడమటి ఒడ్డున చెట్ల తలల మీదుగా మూడు చోట్ల రాయి కనబడింది. ఆ రాళ్లే లామనై గుళ్లు.

మాయా నగరాల్లో ఎక్కువ వాటి అసలు పేర్లు జనం నోట్లో మిగల్లేదు. చాలావాటికి ఇప్పుడున్న పేర్లు తర్వాత వచ్చినవాళ్లు పెట్టినవి. లామనై అలా కాదు. పదిహేడో శతాబ్దంలో ఇటు వచ్చిన స్పానిష్ ఫ్రాన్సిస్కన్ సన్యాసులు స్థానికుల నోట విని రాసుకున్న పేరిది. 'లామాన్ అయిన్' అంటే మునిగి ఉన్న మొసలి అని పండితులు చెబుతారు. సన్యాసులు ఆఖరి అక్షరం వదిలేసి రాయడంతో, యుకటెక్ మాయా భాషలో దానికి నీళ్లలో మునిగిపోయిన పురుగు అనే అర్థం వస్తుందట. మన ఊళ్ల పేర్లు దొరల రికార్డుల్లో ఏమయ్యాయో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. తవ్వకాల్లో మొసలి బొమ్మలు విరివిగా దొరికాయి కాబట్టి మొసలి అర్థమే సరైనదని నమ్మకం. మేము పొద్దున్న చూసిన దాని ముత్తాతల పేరన్నమాట.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మాయా అంటే మన మయుడే, మయసభ కట్టినవాడే సముద్రం దాటి అక్కడికి పోయాడని వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లయినా వస్తుంది. మన గ్రూపులో కూడా వచ్చింది. ఆ పోలిక మాటలో తప్ప ఇంకెక్కడా లేదు. మాయా అనే పేరు మెక్సికోలోని మాయాపాన్ అనే నగరం పేరు నుంచి వాడుకలోకి వచ్చింది. ఆ జనం అంతా తమను ఒకే పేరుతో పిలుచుకోలేదు కూడా. ఊరూరికీ ఒక రాజు, ఒక వంశం, పక్క ఊరితో ఒక తగాదా. వాళ్లు కట్టిన వాటి ఘనత వాళ్లకే ఉండనిద్దాం.

ఒడ్డు దిగి అడవిలోకి నడిస్తే మొదట తగిలింది తెల్లబూరుగు చెట్టు. మన చేల గట్ల మీద ఉండేదే, కాకపోతే ఇక్కడ దాని కింద నిలబడితే కొన కనబడదు. మాయా వాళ్లకు అది పవిత్ర వృక్షం. వేళ్లు పాతాళంలో, మాను భూమి మీద, కొమ్మలు ఆకాశంలో, మూడు లోకాలనూ అదే నిలబెడుతుందని నమ్మకం. మా గైడు ఆ పక్క పల్లె కుర్రవాడు, పాతికేళ్లుంటాయి. పొలం కొట్టేటప్పుడు కూడా ఈ చెట్టును వదిలేస్తారని చెప్పాడు.

ఇక్కడ 700 పైగా కట్టడాలను గుర్తించి పటం గీశారు. తవ్వి బయటికి తీసినవి కొన్నే, మిగతావి ఇంకా మట్టిదిబ్బలుగా చెట్ల కిందే ఉన్నాయి. దారి పక్కన ఎత్తుగా కనబడే ప్రతి గుట్టా ఒక ఇల్లో గుడో. వాటన్నిటిలో ఎత్తయినది 33 మీటర్ల గుడి. అంటే సుమారు పదకొండు అంతస్తుల మేడ. క్రీస్తుపూర్వం 100 ప్రాంతంలో దాని ప్రధాన నిర్మాణం జరిగింది. మన దగ్గర శాతవాహనుల కాలం. ఇనుము లేదు. బండి లేదు. ఎద్దు, గుర్రం లేవు. రాయిని రాతితోనే చెక్కి, మనుషుల వీపుల మీద మోసి అంత ఎత్తు లేపారు. వెనకవైపు చెక్క మెట్లు వేశారు కాబట్టి మాలాంటి మోకాళ్ల వాళ్లు కూడా ఎక్కగలుగుతున్నారు.

సగం ఎక్కామో లేదో అడవిలోంచి ఒక గర్జన వచ్చింది. పులి అని మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, ఇరవై రెండేళ్ల పిల్ల. అవి హౌలర్ కోతులు. కుక్కపిల్ల కన్నా కాస్త పెద్దవి, గొంతు మాత్రం మైళ్ల దూరం పోతుంది. పైకి చేరాక ఒక పక్క సరస్సు, మిగతా మూడు పక్కలా పచ్చని కప్పు. ఆ కప్పు కింద ఒకప్పుడు వేలమంది కాపురాలు చేశారు, మొక్కజొన్న పండించారు, పన్నులు కట్టారు. మొక్కజొన్న పుప్పొడి ఆనవాళ్లను బట్టి ఇక్కడ మనుషుల నివాసం క్రీస్తుపూర్వం 1500 ప్రాంతం నుంచీ ఉందంటారు.

అక్కడి నుంచి దిగి శాసనస్తంభం దగ్గరకు వెళ్లాం. అసలు రాయి మ్యూజియంలో ఉంది, బయట నకలు పెట్టారు. రాజు నిలబడి ఉన్నట్టు శిల్పం, పక్కన లిపి. దాని మీది తేదీ మన లెక్కలో 625వ సంవత్సరం. మన జిల్లా చరిత్ర చదువుకున్నవాళ్లకు ఆ అంకె దగ్గర ఒక క్షణం ఆగాలనిపిస్తుంది. కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్య రాజ్యం స్థాపించిన ఏడు 624 అని మనం బట్టీ పట్టాం కదా. పెదవేగిలో ఒక రాజు, ఇక్కడ ఒక రాజు, ఇద్దరూ తమ పేరు రాతి మీద చెక్కించుకోవాలనుకున్నవాళ్లే. ఆ స్తంభం కింద అయిదుగురు చిన్నపిల్లల ఎముకలు దొరికాయి, అందులో ఒకటి పురిటి బిడ్డది. మాయా వాళ్లను పంచాంగం చూసుకుంటూ కూర్చున్న శాంతమూర్తులుగా చూపించే పుస్తకాలు పాతవి కొన్ని ఉన్నాయి. వాటిని నమ్మనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. తొమ్మిదో శతాబ్దంలో దక్షిణ పల్లపు ప్రాంతపు మాయా నగరాలు ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి. గ్వాటెమాలాలోని తికాల్ ఎంత పెద్ద నగరమో చెప్పక్కర్లేదు. అక్కడ చివరి తేదీ ఉన్న స్తంభం 869 నాటిది. వాళ్ల పెద్ద లెక్క ప్రకారం తేదీ వేసిన చివరి శాసనం మెక్సికోలోని తోనినాలో దొరికింది, 909 నాటిది. ఆ తర్వాత రాజులు స్తంభాలు ఎత్తలేదు, గుళ్లు కట్టలేదు, జనం వలసపోయారు. యుకటాన్‌లోని చిచన్‌కనాబ్ సరస్సు అడుగు మట్టిని పరీక్షించి ఆ కాలంలో తీవ్రమైన అనావృష్టి ఉందని 1995లో శాస్త్రవేత్తలు చూపించారు. దానికి తోడు ఎడతెగని యుద్ధాలు, నరికేసిన అడవులు. మన పాఠంలోని అదృశ్యం ఇదే.

లామనైలో తవ్వకాలు 1974లో మొదలై 1986 దాకా సాగాయి. కెనడాలోని రాయల్ ఒంటారియో మ్యూజియం తరఫున డేవిడ్ పెండర్‌గాస్ట్ నడిపించారు. మిగతా చోట్ల లాగే ఇక్కడా తొమ్మిదో శతాబ్దం పొర దగ్గర కథ ముగియాలి. ముగియలేదు. ఊరి మధ్య ఒక చిన్న బంతి ఆట మైదానం ఉంది, ఎదురెదురుగా రెండు వాలు గోడలు, మధ్యలో గుండ్రటి పెద్ద రాతి బిళ్ల. ఆ బిళ్ల ఎత్తి చూస్తే కింద మూత పెట్టిన పాత్ర, అందులో చిన్న చిన్న కుండలు, పచ్చరాయి, గవ్వలు, వాటి అడుగున మడుగు కట్టిన పాదరసం. ఇది జరిగింది సుమారు 900 తర్వాత! తికాల్ వీధుల్లో చెట్లు మొలుస్తున్న రోజుల్లో ఇక్కడివాళ్లు కొత్త మైదానం కట్టుకుని, పూజ చేసి, ఆట మొదలుపెట్టారు. పక్కనే ఉన్న జాగ్వార్ గుడికి పదిహేనో శతాబ్దం దాకా మరమ్మతులు జరుగుతూనే వచ్చాయి. ఆ పొరల్లో కొత్త రకం కుండలు, మెక్సికో వైపు నుంచి వచ్చిన రాగి గజ్జెలు దొరికాయి.

ఎందుకు నిలబడింది? అందరూ ముందు చూపించేది సరస్సును. వానలు తప్పినా నీళ్లకు, చేపకు, తాబేలుకు లోటు లేదు. ఇది బలమైన కారణమే, కానీ ఇదొక్కటే చాలదు. యష్‌చిలాన్, పియెద్రాస్ నెగ్రాస్ రెండూ ఉసుమసింతా మహానది ఒడ్డునే ఉన్నాయి, అయినా ఖాళీ అయ్యాయి. లామనైకి నది మీదుగా సముద్రం దాకా వర్తకం ఉంది. సముద్ర తీర వర్తకం అప్పుడే పెరుగుతోంది కూడా. దానికంటే ముఖ్యంగా నాకు తోచేది ఇంకొకటి. తొమ్మిదో శతాబ్దం తర్వాత ఈ ఊరిలో రాజు తన బొమ్మ చెక్కించుకున్న స్తంభాలు కనబడవు. గుళ్లున్నాయి, పూజలున్నాయి, సరుకులున్నాయి. రాజుగారి ఆర్భాటం మాత్రం తగ్గిపోయింది. రాజు పోతే ఊరు పోయే చోట్లు పోయాయి, రాజు లేకపోయినా నడిచే ఊరు మిగిలింది. ఇది నా అభిప్రాయం, పండితులు ఒప్పుకోవాలని లేదు.

మధ్యాహ్నం చెట్ల కింద భోజనం పెట్టారు. అన్నం, ఎర్ర చిక్కుడు గింజలు కలిపి కొబ్బరిపాలతో వండింది, కోడికూర, పక్కన హబనేరో మిర్చి చట్నీ. గుంటూరు కారం తిన్న నాలుకలం కదా అని ధీమాగా వేసుకుని నీళ్ల సీసా కోసం వెతుక్కున్నాం. గైడు నవ్వాడు. మీ మిరపకాయ కూడా ఈ వైపు నుంచి వచ్చిందేగా అన్నాడు. నిజమే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడలు తేకముందు మనకు కారమంటే మిరియమే. మిరప, మొక్కజొన్న, జామ, బొప్పాయి, సీతాఫలం అన్నీ అమెరికా ఖండాల పంటలే. సపోటా అయితే అచ్చంగా ఈ అడవి చెట్టు. దాని చేవకర్రతో మాయా వాళ్లు గుడి ద్వారబంధాల పై దూలాలు వేశారు, తికాల్‌లో వెయ్యేళ్లకు పైబడినవి ఇప్పటికీ ఉన్నాయి. దాని పాలతోనే తర్వాతి కాలంలో చూయింగ్ గమ్ చేశారు.

అంతకన్నా మనకు దగ్గరిది కోకో. మన మిత్రుల్లో ఎంతమంది కొబ్బరి తోటల్లో కోకో అంతరపంటగా ఉందో లెక్క వేస్తే సంఘం సభ్యత్వ రుసుం అంతా అందులోంచే రాబట్టవచ్చు. ఆ గింజ ఇక్కడ డబ్బు, కానుక, పెళ్లి పానీయం. గ్వాటెమాలాలోని రియో అసుల్‌లో ఒక సమాధిలో మూత బిగించిన కుండ దొరికింది. దాని మీది లిపిని డేవిడ్ స్టువర్ట్ అనే పండితుడు 'కకావ్' అని చదివాడు. కుండ లోపలి మడ్డిని పరీక్షిస్తే కోకోయే అని తేలింది. ఏలూరు పక్క తోటల్లో మన కూలీలు రోజూ పలికే మాట, పదిహేను వందల ఏళ్ల కిందట ఒక మాయా లేఖరి కుండ మీద రాసిన మాట, ఒకటే.

ఆ లిపిని చదవగలగడం కూడా ఇటీవలి సంగతి. మాయా వాళ్లకు పుస్తకాలుండేవి, చెట్టు నారతో చేసిన కాగితాన్ని మడతలు మడతలుగా పెట్టి రాసేవారు. 1562 జూలైలో మెక్సికోలోని మని అనే ఊళ్లో దియేగో దె లాండా అనే ఫ్రాన్సిస్కన్ వాటిని పోగుచేసి తగలబెట్టించాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి నాలుగు. మనకు ఒక మెకంజీ ఊరూరి కైఫీయత్తులు రాయించాడు, ఒక బ్రౌను తాటాకులు కొనిపించి నకళ్లు రాయించాడు. వాళ్ల ఉద్దేశాలు ఏవైనా, తాటాకులు మిగిలాయి. వీళ్లకు ఆ అదృష్టం లేదు. చిత్రమేమిటంటే, లాండా తర్వాత తన గ్రంథంలో రాసిపెట్టిన కొద్దిపాటి అక్షరాల పట్టికే ఆధారంగా, 1952లో యూరీ క్నొరొసొవ్ అనే సోవియట్ పండితుడు లిపి గుట్టు విప్పే దారి చూపాడు. అంతకుముందు ఆ రాతలన్నీ తేదీలూ నక్షత్రాలేనని పెద్ద పెద్ద ఆచార్యులే అనుకున్నారు. చదివాక తెలిసింది, అవి రాజుల పుట్టుకలు, పెళ్లిళ్లు, యుద్ధాలు. చరిత్ర లేదనుకున్న జనానికి చరిత్ర ఉందని తేలింది.

భోజనం తర్వాత దక్షిణం వైపు నడిచాం. చాలామంది యాత్రికులు అటు పోరు, గుళ్లు చూసి పడవ ఎక్కేస్తారు. నాకు మటుకు లామనైలో తప్పక చూడవలసింది అదే. అక్కడ రెండు చర్చిల మొండిగోడలున్నాయి. స్పానిష్ వాళ్లు 1540ల్లో ఇక్కడికి వచ్చేసరికి ఊరు బతికే ఉంది. జనం ఉన్నారు కాబట్టే చర్చి కట్టారు. మొదటిది ఒక మాయా కట్టడం మీదే లేపారు, దాని రాళ్లతోనే. తర్వాత ఇంకా పెద్దది కట్టారు. పన్నులు వేశారు, పేర్లు మార్చారు, కొత్త జబ్బులు తెచ్చారు. 1630ల చివర ఈ ప్రాంతమంతా తిరుగుబాటు లేచింది. 1641లో సన్యాసులు మళ్లీ వచ్చి చూస్తే చర్చి కాలిపోయి ఉంది, ఊరివాళ్లు అడవిలోకి పోయారు. మనవైపు దామెర్ల వెంకటప్ప నాయకుడు ఇంగ్లీషువాళ్లకు చెన్నపట్నంలో చోటిచ్చి రెండేళ్లు కాలేదప్పటికి.

కథ అక్కడా ఆగలేదు. సన్యాసులు వెళ్లిపోయాక జనం తిరిగి వచ్చారు. చర్చి మధ్యలో తమ పద్ధతిలో ఒక రాతి స్తంభం నిలబెట్టారు, దాని దగ్గర మొసలి, ఇతర జంతువుల మట్టిబొమ్మలు నైవేద్యంగా పెట్టారు. తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. గోడ మొత్తం కూల్చలేదు. ఆ చోటు అప్పటికే పవిత్రమైంది, వాళ్లు దాన్ని తమకు కావలసినట్టు వాడుకున్నారు. నేను ఆ గోడల మధ్య చాలాసేపు నిలబడ్డాను. మా ఆవిడ ఇక చాలు దోమలు కుడుతున్నాయండీ అనేదాకా.

చివరి స్వతంత్ర మాయా రాజ్యం ఎప్పుడు పోయిందో తెలుసా? 1697 మార్చిలో. గ్వాటెమాలాలోని పెతేన్ ఇత్సా సరస్సు మధ్య దీవిలో ఉన్న నొహ్‌పెతేన్ అనే రాజధానిని స్పానిష్ సైన్యం పట్టుకుంది. అంటే ఔరంగజేబు గోల్కొండను గెలిచిన పదేళ్లకు. కుతుబ్‌షాహీలు అదృశ్యమైపోయారని ఎవరైనా రాస్తే మనం ఊరుకుంటామా? ఓడిపోయారు అంటాం. మాట మారితే చరిత్ర మారుతుంది. అదృశ్యమయ్యారంటే ఎవరూ ఏమీ చెయ్యనట్టు. భూమికి హక్కుదారు లేనట్టు.

ఆ భూమికి తర్వాత వచ్చింది ఇంగ్లీషువాడి చెరకు గానుగ. చర్చిలు దాటి ఇంకాస్త నడిస్తే కనబడుతుంది. 1860ల్లో ఇటుకలతో కట్టిన మిల్లు, ఆవిరి యంత్రం, మనిషికన్నా ఎత్తయిన ఇనప చక్రం. మర్రిజాతి చెట్టు ఒకటి దాన్ని వేళ్లతో పట్టేసి తనలోకి లాక్కుంటోంది. మిల్లు 1875కే మూతపడింది. ఆ కాలంలో కూడా మాయా వాళ్లు ఊరకే లేరు. 1847లో యుకటాన్‌లో మొదలైన పెద్ద తిరుగుబాటు అర్ధశతాబ్దం నడిచింది. మా పడవ బయల్దేరిన ఆరెంజ్ వాక్ పట్టణం మీదనే 1872 సెప్టెంబరు 1న మార్కోస్ కనుల్ అనే మాయా నాయకుడు తన మనుషులతో దాడి చేశాడు, ఆ పోరులో తగిలిన గాయంతో చనిపోయాడు. రెండు వేల ఏళ్ల గుడి చెక్కుచెదరకుండా ఉన్న ఊళ్లో పదిహేనేళ్లు కూడా సాగని మిల్లు తుప్పు పట్టి ఉంది. మా అమ్మాయి ఫోటోలు అన్నిటికన్నా దానికే ఎక్కువ తీసింది.

ఇప్పటి లెక్కకు వస్తే, గ్వాటెమాలా, మెక్సికో, బెలీజ్, హోండురాస్‌లలో కలిపి మాయా జనం లక్షల్లో ఉన్నారు. సుమారు ముప్ఫై మాయా భాషలు మాట్లాడుతున్నారు. గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో 2 లక్షల మంది చనిపోయారని లేదా జాడ లేకుండా పోయారని సత్యశోధక సంఘం 1999లో అంచనా వేసింది. గుర్తు తెలిసిన బాధితుల్లో నూటికి 83 మంది మాయా వాళ్లు. అదృశ్యం అనే మాట ఆ దేశంలో పాఠ్యపుస్తకపు మాట కాదు. ఆ యుద్ధం నుంచి, ఎల్ సాల్వడార్ యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన కుటుంబాలు లామనై పక్క పల్లెలోనే ఉన్నాయి.

బెలీజ్ దక్షిణాన తొలేదో జిల్లాలో మాయా పల్లెలవాళ్లు తమ ఉమ్మడి భూముల కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. మీరు తర్వాత వలస వచ్చినవాళ్లు, పాత మాయా వాళ్లకూ మీకూ సంబంధం లేదు అన్నది వాళ్లకు ఎదురైన వాదనల్లో ఒకటి. చివరికి 2015 ఏప్రిల్‌లో కరీబియన్ న్యాయస్థానం వాళ్ల ఆచార భూమి హక్కు చెల్లుతుందని తీర్పిచ్చింది. అమలు విషయంలో తగవులు ఆ తర్వాత కూడా నడిచాయి. భూమి తగవులు తీర్పుతో ముగియవని మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు.

తిరుగు పడవలో ఎండ తగ్గింది. గైడు మా పక్కనే కూర్చున్నాడు. మాయా అంకెల గురించి మ్యూజియంలో చూశాం కదా, చుక్క అంటే ఒకటి, గీత అంటే అయిదు, గవ్వ అంటే సున్నా, ఇరవైల లెక్క. సున్నాను కనిపెట్టిన జాతులు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద చెప్పవచ్చు. మనం ఒకరం, వీళ్లు ఒకరు. ఆ అంకెలు నోటితో ఎలా పలుకుతారో చెప్పమని మా అమ్మాయి అడిగింది. వాళ్ల అమ్మమ్మ యుకటెక్ మాయా మాట్లాడుతుందట, అమ్మకు అర్థమవుతుంది, తనకు కొన్ని మాటలు వచ్చు. హున్, కా, ఓష్, కాన్ అని నాలుగు వేళ్లు ముడిచాడు. అయిదో వేలు దగ్గర ఆగి, స్పానిష్‌లో సింకో అన్నాడు. అమ్మమ్మ కూడా నాలుగు దాటితే స్పానిష్ లెక్కే పెడుతుందని, ఊళ్లో ముసలివాళ్లంతా అంతేనని చెప్పాడు.

ఇంటికొచ్చాక చదివితే అతను చెప్పింది నిజమే. యుకటాన్ వైపు కూడా ఇప్పుడు మాయా అంకెలు మూడు, నాలుగు దాకానే వాడుకలో ఉన్నాయి. పైవి కొందరు పంతుళ్లు పాత నిఘంటువుల్లోంచి తీసి బడి పిల్లలకు మళ్లీ నేర్పుతున్నారు.

మా అమ్మాయి హ్యూస్టన్‌లో పుట్టింది. నీకు తెలుగులో ఎంతదాకా వచ్చు అని గైడు అడిగాడు. ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇరవై దాకా గబగబా వచ్చింది, ముప్ఫై దగ్గర నావైపు చూసింది. పడవ మలుపు తిరిగింది. నేను అందించలేదు. నలభై దాకా తనే చెప్పింది.